నవ్వు ఎవరి మీద?



టీవీలో హాస్య ధారావాహిక చూస్తున్నప్పుడు మీరు ఎవరిని చూసి నవ్వుతారు? ఎప్పుడైనా లెక్క పెట్టారా?

1995లో జీ టీవీలో 'హమ్ పాంచ్' మొదలైంది. ఆనంద్ మాథుర్ అనే మధ్యతరగతి గృహస్థుకు ఐదుగురు కూతుళ్ళు. చనిపోయిన మొదటి భార్య గోడ మీది ఫోటోలోంచి ఆయనను దెప్పుతూ ఉంటుంది. ఆడపిల్లలు ఎక్కువైతే తండ్రికి తలనొప్పే అన్న పాత భావన మీదే ఇందులో చాలా నవ్వులు నిలబడ్డాయి. కానీ ఆ ఐదుగురూ ఒకే అచ్చులో పోసిన బొమ్మలు కారు. స్వీటీకి అందాల కిరీటం మీద మోజు. కాజల్ మగరాయుడిలా తిరుగుతూ 'భాయ్' అనిపించుకుంటుంది. ఆడపిల్ల ఇలాగే ఉండాలన్న నియమాన్ని ఆ ఇల్లు రోజూ కాస్త కాస్తగా సడలించింది.

పెద్దమ్మాయి మీనాక్షి దగ్గర మాత్రం కాస్త ఆగండి. ఆమె స్త్రీల హక్కుల గురించి ఆవేశంగా మాట్లాడుతుంది. ఆ ఆవేశాన్నే రచయితలు హాస్యం చేశారు. నాకు నచ్చని సంగతి ఇదే. ప్రశ్నించే అమ్మాయిని నవ్వులపాలు చేస్తే ఆమె వేసిన ప్రశ్న కూడా తేలిపోతుంది.

ఇది చిన్న విషయమా? జనాభా లెక్కలు చూడండి. ఆరేళ్ళలోపు పిల్లల్లో ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు ఢిల్లీలో ఆడపిల్లలు 1991లో 915 మంది. 2001 నాటికి 868. పక్కనే ఉన్న హర్యానాలో 879 నుంచి 819కి పడిపోయారు. గర్భంలోనే ఆడశిశువును గుర్తించి తొలగించడం ఇందుకు ఒక ముఖ్య కారణం. దానిని అరికట్టడానికి చట్టం 1994లోనే వచ్చింది. సరిగ్గా ఆ దశాబ్దంలోనే ఐదుగురు కూతుళ్ళు తెరమీద సందడి చేశారు!

చూపించినంత మాత్రాన చూసేవారు మారతారా? 1984లో దూరదర్శన్‌లో వచ్చిన 'హమ్ లోగ్' హాస్యం కాదు, సందేశం కోసమే తీసిన కుటుంబ కథ. అందులో తల్లి భగవంతి అన్నీ మౌనంగా భరిస్తుంది. ఆమెను చూసి ప్రేక్షకులు ఆలోచనలో పడాలని నిర్మాతల ఉద్దేశం. తీరా పరిశోధకులు అడిగితే, ఆమే మాకు ఆదర్శమన్నవారు ఉన్నారు. వారిలో స్త్రీలే ఎక్కువ.

కనుక మీకొక చిన్న ప్రయోగం. జెమినీ టీవీలో 2001 నుంచి 2007 వరకు వచ్చిన 'అమృతం' మీలో చాలామందికి తెలుసు. అందులో ఒక భాగం తీసుకోండి. ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారు, డబ్బు విషయం ఎవరు తేలుస్తున్నారు, ఎవరి మాట తర్వాత నవ్వు వస్తోంది అన్నవి నోటుపుస్తకంలో గీతలు పెట్టండి. మీ అమ్మమ్మనో నాయనమ్మనో పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు నవ్వినచోట ఆవిడ నవ్వకపోతే, ఎందుకని అడిగి అదీ రాసుకోండి.