మస్కట్‌లో కలిసిన మూడో బెంచీ
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఒమన్‌లో పనిచేశావు గదా, ఆ ఎడారి విశేషాలు చెప్పు" అని కార్యదర్శి గారు పది నిమిషాలిచ్చారు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో పుట్టినవాళ్ళకు ఎండ గురించి, నీటి కరువు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? మన ఊళ్ళలో గల్ఫ్ తెలియని వీధి లేదు. ఎక్కువమంది కువైట్ పోతారు, కొందరు మస్కట్, దుబాయ్. నన్ను మాత్రం 2017లో మా కంపెనీ తాగునీటి పైపులైను పని మీద పంపింది. రెండేళ్ళున్నాను.

వెళ్ళేముందు నా మనసులో ఉన్న బొమ్మ ఇసుక, ఒంటె, ఆయిలు, అంతే. దిగాక తెలిసింది నా అజ్ఞానం. అక్కడ రియాల్‌లో వెయ్యో వంతును బైసా అంటారు. మన పైసానే! 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా రూపాయి నోట్లు అచ్చేసింది. ఒమన్‌లో 1970 దాకా అవే చెల్లాయి. సుల్తాన్ కాబూస్ గద్దెనెక్కిందీ ఆ ఏడాదే. అప్పటికి దేశం మొత్తానికి మూడంటే మూడు బడులు, పది కిలోమీటర్ల తారు రోడ్డు ఉండేవట. ఇప్పుడు మస్కట్‌లో 2011లో తెరిచిన రాయల్ ఒపేరా హౌస్ ఉంది. పాలరాతి మేడ. నేను బయట నుంచే చూశాను.

సంగీతం నేను విన్నది సూర్ అనే రేవు పట్టణంలో. చెక్క ఓడలు కట్టే ఊరది. ఆ ఓడలకు టేకు మన మలబారు నుంచి పోయేది. అక్కడి నావికులు తూర్పు ఆఫ్రికా జాంజిబార్ దాకా పోయి వచ్చేవారు. ఒకప్పుడు ఒమన్ సుల్తాను జాంజిబార్‌నే రాజధాని చేసుకున్నాడు. అందుకే వాళ్ళ పాటలో అరబ్బీ మాట, ఆఫ్రికా డప్పు కలిసిపోయి ఉంటాయి. ఒక పెళ్ళిలో ముసలాయన ఓడ తాడు లాగే పాట ఎత్తుకున్నాడు, మిగతావాళ్ళు వంత. మధ్యలో ఎవరో శంఖం ఊదారు. మన గుళ్ళో వినే శంఖం ఆ సముద్రపు ఒడ్డున వినిపించేసరికి ఒళ్ళు ఝల్లుమంది.

ఇంజనీరును గనక నా మనసంతా నీళ్ళ మీదే. నిజ్వా అనే పాత కోట పట్టణం పక్కన ఫలజ్ దారిస్ అనే కాలువ ఉంది. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన అయిదు ఫలజ్‌లలో అది ఒకటి. దేశంలో ఇప్పటికీ మూడు వేల దాకా పారుతున్నాయి. కొండ పాదాన తల్లిబావి తవ్వి, నీరు తగిలినచోట నుంచి ఊరిదాకా భూమి లోపల సొరంగం తీస్తారు. మోటారు లేదు, కరెంటు లేదు, వాలు ఒక్కటే ఆధారం. వాలు ఎక్కువైతే నీరు సొరంగాన్ని కోస్తుంది, తక్కువైతే ఒండ్రు పడుతుంది. లెవెలింగ్ పరికరం లేని రోజుల్లో ఆ వాలు ఎట్లా పట్టారో చూస్తూ నిలబడ్డాను. వాగు అడ్డమొస్తే దాని కిందుగా దించి అవతల పైకి తీశారు. మేము ఇన్వర్టెడ్ సైఫన్ అని డిగ్రీలో చదువుకున్నది అదే.

పంపకం ఇంకా బాగుంటుంది. బయటికొచ్చిన నీరు మొదట తాగడానికి, తర్వాత మసీదుకు, స్నానాలకు, ఆ తర్వాతే ఖర్జూర తోటలకు. ఎవరి వంతు ఎంతసేపన్నది గంటల లెక్క. పగలు పాతిన కర్ర నీడను చూసి, రాత్రి నక్షత్రాలను చూసి మడవ మార్చేవారు. కొన్ని వంతులు వేలం వేసి, ఆ డబ్బుతో కాలువ మరమ్మతు చేస్తారు. మన చెరువు కింద నీరుగంటి ఉండేవాడు, గుర్తుందా? అతను పోయాక చెరువులెట్లా ఉన్నాయో మీకు తెలుసు. ఆ సంగతి ఎత్తుకుంటే పది నిమిషాలు చాలవు.

నిజ్వాకు నేను ఒంటరిగా పోలేదు. మా సైటుకు నీళ్ళ ట్యాంకరు తోలే ఒక డ్రైవరు తీసుకుపోయాడు. అతను వచ్చిన మొదటి రోజు నేను బిల్లు మీద సంతకం పెడుతుంటే, తెలుగులో అన్నాడు. "ఏందిరా, గుర్తుపట్టలా? మూడో బెంచీ."

పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పను. మా బ్యాచ్ వాళ్ళకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

ఫలజ్ గట్టు మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుని తన కథ చెప్పాడు. పదో తరగతి లెక్కల్లో తప్పాడు, మళ్ళీ కట్టలేదు. ఇక్కడే తాపీపని చేశాడు. కూతురి పెళ్ళి అప్పుతో 2009లో ఒమన్ దారి పట్టాడు. పది పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి పోవాలంటే వాళ్ళు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. అది కూలివాడికి రక్షణే. కంపెనీ ఏది, జీతమెంత అని అక్కడ చూస్తారు. ఏజెంటు ఆ గొడవ ఎందుకని విజిట్ వీసా మీద ఎక్కించాడు. విజిట్ వీసాకు ఆ అనుమతి అడగరు, కిటుకంతా అదే. దిగాక చెప్పిన పని లేదు, వీసా గడువు అయిపోయింది. ఆరేళ్ళు దొంగచాటుగా బతికాడు. ఆ ఆరేళ్ళలోనే వాళ్ళమ్మ పోయింది. రాలేకపోయాడు. 2015లో అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ఇస్తే ఇంటికొచ్చి, మరుసటేడు సరైన వీసాతో మళ్ళీ పోయాడు.

"అప్పుడు పది పాసై ఉంటే ఆ ముద్రే ఉండేది కాదు గదరా" అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు. ఎందుకంటే లెక్కల పరీక్ష ముందురోజు సాయంత్రం వాడు నా దగ్గరకొచ్చి పైథాగరస్ సిద్ధాంతం ఒక్కసారి చెప్పమన్నాడు. నాకు చదువుకునేది ఉంది, తర్వాత చూద్దాం అన్నాను. మర్నాడు పేపర్లో అదే వచ్చింది. వాడికి ఆ సాయంత్రం గుర్తుందో లేదో నేను అడగలేదు. నాకు గుర్తుంది.

సంఘం వారికి ఒక విన్నపం. మన బడిలో పది తప్పి ఆగిపోయినవాళ్ళ జాబితా తీద్దాం. ఓపెన్ స్కూల్లో ఏ వయసువాళ్ళయినా పది కట్టొచ్చు. ఆదివారాలు చెప్పడానికి నేను వస్తాను, ఫీజుకు నా వంతు ఇవాళే ఇచ్చి వెళ్తాను. గల్ఫ్ పోయేవాళ్ళకు కూడా ఇక్కడే నాలుగు మాటలు చెప్పాలి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి కాదు. విజిట్ వీసా మీద పని అంటే నమ్మొద్దు. సందేహముంటే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌ను అడగాలి.

చివరగా మా లెక్కల మాస్టారికి ఒక కబురు. మాస్టారూ, మా వాడు ఓపెన్ స్కూల్లో చేరాడు. మిగతావి గట్టెక్కాయి, లెక్కలు మిగిలాయి. వచ్చే నెల సెలవులో వస్తున్నాడు. సాయంత్రాలు మీరు ఇంట్లోనే ఉంటారా అని అడగమన్నాడు.