నీటిమీద గీత



మా గౌలిపురాలో కూర్చుని సముద్రపు సరిహద్దు సంగతి చెబుతానంటే, "మనకీ సముద్రానికీ ఏమిటమ్మా సంబంధం?" అని మీరడగవచ్చు. మనింటి సరిహద్దు మనకి తెలుసు. గోడ ఉంది, గడప ఉంది, గడప ముందు ముగ్గుంది. మరి నీటిమీద గీత ఎవరికి కనిపిస్తుంది?

కనిపించకపోయినా గీత ఉన్నది. 1976లో మన దేశం చేసిన చట్టం ప్రకారం 12 నాటికల్ మైళ్ళ దాకా మన జలాలు. 200 మైళ్ళ దాకా చేపలూ ఖనిజాలూ మనవి. సముద్రపు మైలంటే 1,852 మీటర్లు. తీర రక్షక దళానికి 1978లో చట్టం వచ్చింది. 2008లో బొంబాయిమీద దాడి చేసినవాళ్ళు ఒక చేపల పడవను వశపరచుకుని దానిమీదనే వచ్చారు. ఆ తర్వాత తీరం పొడవునా రాడార్లు పెట్టారు. 20 మీటర్లు దాటిన పడవలకు తమ ఉనికి తెలిపే యంత్రం తప్పనిసరి చేశారు.

ఇదంతా దొంగచాటుగా వచ్చేవాణ్ణి పట్టడానికి. సరే, మరి తెలియక గీత దాటేవాడి మాటేమిటి?

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. అయినా పెద్ద పడవలు నిలిపే రేవులు చాలక, అక్కడి మగవాళ్ళు గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి కూలికి పడవలెక్కుతారు. ఆ వైపు సర్ క్రీక్ దగ్గర గీత ఎక్కడన్నది రెండు దేశాలకీ ఇంకా కుదరనే లేదు. 2018 నవంబరులో మన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తానువాళ్ళు పట్టుకుని కరాచీ జైల్లో పెట్టారు. 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగివచ్చారు. ఏడాదిపైన ఆ ఇల్లాళ్ళు పిల్లలకేం చెప్పారో, పొయ్యి ఎలా రాజేశారో మనం ఊహించుకోవచ్చు.

ఇప్పుడొక మంచిమాట. 2024 ఆగస్టులో లక్ష పడవలకు ట్రాన్స్‌పాండరు అనే యంత్రాన్ని ఉచితంగా అమర్చే పథకం మొదలైంది. ఇస్రో రూపొందించింది. సెల్‌ఫోను పలకనిచోట కూడా ఉపగ్రహం ద్వారా కబురు పంపుతుంది, అందుకుంటుంది. సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిస్తుంది. సముద్రంతో సంబంధమేమిటన్నాం కదా, మన హైదరాబాదు ప్రగతినగర్‌లోనే ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. చేపలు దొరికేచోటూ, అలల ఎత్తూ, సునామీ రాకా పడవలవాళ్ళకి ఇక్కడినుంచే చెబుతుంది.

నేననేది ఒక్కటే. పడవ ఎక్కడుందో కాపలావాళ్ళకి తెలియడం ఒక ఎత్తు, గీత ఎక్కడుందో పడవలో ఉన్నవాడికి తెలియడం ఒక ఎత్తు. చట్టం రెండోదాన్నీ అంత గట్టిగానూ పట్టించుకోవాలి. హెచ్చరిక అతని భాషలో వినిపించాలి. యంత్రం చెడితే రేవులోనే బాగుచేసే మనిషి ఉండాలి. అప్పటికీ పొరపాటు జరిగితే? దేశాల మధ్య ప్రత్యేక ఒప్పందం లేనిదే, 200 మైళ్ళ ఆర్థిక మండలంలో చేపలు పట్టిన తప్పుకి జైలు కూడదని అంతర్జాతీయ సముద్ర న్యాయ ఒడంబడిక చెబుతోంది. భారత్, పాకిస్తాన్ రెండూ దాన్ని ఆమోదించినవే.

పిల్లవాడు ముగ్గు తొక్కితే ముందు "అక్కడ ముగ్గుందిరా" అని కేకేస్తాం. ఆ కేక సముద్రంమీద కూడా వినిపించాలి.