శాలిబండ ఎమ్మెల్యే

ముస్లిం ఇంటి ఆడపిల్లలకు చదువెక్కడిదని ఇప్పటికీ కొందరు తేలిగ్గా అనేస్తుంటారు. వాళ్లు మాసూమా బేగం గురించి విని ఉండరు. తల్లి తయ్యబా బేగం ఆ రోజుల్లోనే మద్రాసు విశ్వవిద్యాలయం పట్టభద్రురాలు. కూతురు హైదరాబాదు మహబూబియా బాలికల పాఠశాలలో చదివారు. అంజుమన్-ఎ-ఖవాతీన్ అనే మహిళా సంఘంలో, అఖిల భారత మహిళా సభలో ఏళ్ల తరబడి పనిచేశారు. నన్నడిగితే, ఆ తర్వాత వచ్చిన పదవులకన్నా ఈ పనే గొప్పది. 1952లో పాతబస్తీ శాలిబండ ఓటర్లు ఆమెను శాసనసభకు పంపారు. 1960లో ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో సాంఘిక సంక్షేమ శాఖ చూశారు. ఒక ముస్లిం మహిళ మంత్రి కావడం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అదే మొదలు. 1962 ఎన్నికల్లో పత్తర్‌గట్టి నుంచి పోటీచేసి ఓడిపోయారు. 1974లో పద్మశ్రీ అందుకున్నారు.