రంగునీటిని గూర్చి మన విద్యార్థుల ప్రయత్నము
(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఈ యేడు మన తొమ్మిదవ తరగతి విద్యార్థులు ఏడుగురు కలిసి, అద్దకపు నీటిని శుద్ధిచేయు చిన్న యంత్రము నొకదానిని నిర్మించిరి. మీరు వరండాలో దానిని చూచియే లోనికి వచ్చితిరి. చూచినవారిలో ననేకులు మెచ్చుకొనిరి. కొందరు మాత్రము నన్ను ప్రక్కకు పిలిచి, "సారూ, మా పొట్ట కొట్టే పని మా పిల్లలతోనే చేయిస్తున్నరా?" అని యడిగిరి. ఒక తండ్రి తన కుమారుని ఆ బృందమునుండి తొలగింపుమని గత మాసమున చీటీయే పంపియుండెను. ఆ ప్రశ్న న్యాయమైనది. పాఠశాల నివేదికను కార్యదర్శిగారు చదివియే యున్నారు గనుక, నాకిచ్చిన కాలమును ఆ ప్రశ్నకే వినియోగింతును.

మగ్గము నీటిని చెఱుపదు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతములనుండి మనవారు భివండీకి వచ్చి నడపుచున్న పవర్‌లూములు చెవులు చిల్లులు పడునట్లు మ్రోగును, దూది ధూళిని రేపును; కాని నీటితో వానికి పని స్వల్పము. నీటితో అసలు పని రెండు చోట్ల నున్నది. పడుగునకు గంజి పట్టించు సైజింగు ఒకటి, నూలునకును బట్టకును రంగు వేయు డైయింగు రెండవది.

గంజి విషము కాదు గదా యని మీరనవచ్చును. మన తాతల యిండ్లలో మిగిలిన గంజి పశువుల కుడితిలోనికి పోయెడిది. అదే గంజి పెద్ద మొత్తమున కాలువలో పడినప్పుడు, దానిని తిను సూక్ష్మజీవులు విపరీతముగా పెరిగి నీటిలోని ప్రాణవాయువును హరించును. చేపలకు ఊపిరాడదు. నీరు నల్లబడి కంపుగొట్టును. మన పట్టణమును ఒరసికొని పారు కామ్‌వారి నది కనుగూర్చి నేను వర్ణింప నక్కఱలేదు; వంతెన మీదుగా వచ్చువారందఱు ముక్కు మూసికొనియే వత్తురు.

రంగుల సంగతి మఱింత చిక్కైనది. పత్తినూలునకు నేడు విశేషముగా వాడు రియాక్టివ్ రంగులు దారమును గట్టిగా పట్టుకొనును, ఉతికినను పోవు. కాని తొట్టిలో వేసిన రంగంతయు దారమున కంటదు. కొంత భాగము నీటితోనే కలిసి చెడి, కడుగునీటితో బయటకు పోవును. రంగు అంటుటకై కుమ్మరించు ఉప్పు మాత్రము ఇంచుమించు అంతయు నీటిలోనే నిలిచియుండును. ఈ ఉప్పును మఱువకుడు. మరల దాని ప్రస్తావన వచ్చును.

ఇక యంత్రము. మొదటి పీపాలో రంగునీటికి సున్నము, పటిక కలిపెదరు. పటిక వేయగానే ఒక నిమిషము వడిగా త్రిప్పి, పిమ్మట పావుగంట మెల్లగా త్రిప్పవలెను. వడిగా త్రిప్పనిచో మందు కలియదు. మెల్లగా త్రిప్పనిచో కట్టిన తెట్టె విచ్చిపోవును. ఈ రెండు వేగములకై పిల్లలు పాత ఇనుప దుకాణమునుండి మగ్గపు పళ్లచక్రములు రెండు తెచ్చి, చేతిపిడికి బిగించిరి. నాకు మిక్కిలి నచ్చినది ఇదియే. తేరిన నీరు ఇసుక గుండా, బొగ్గు గుండా దిగును.

పటిక, సున్నముల పద్ధతి మనకు పరాయిది కాదు. త్రాగునీటిలోని ఫ్లోరైడును తొలగించుటకు నాగపురములోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పొడులతో రూపొందించిన విధానమునకు లోకమంతట 'నల్లగొండ పద్ధతి' యనియే పేరు. బాధ నల్లగొండది, విద్య మహారాష్ట్రది. మన పిల్లలవలెనే అదియు రెండు నేలల బిడ్డ.

బొగ్గు విషయమున వారికి ప్రేరణ ఒడిశానుండి వచ్చినది. 2015లో కోరాపుట్ జిల్లా దామన్‌జోడికి చెందిన లలితా ప్రసీద అను పాఠశాల విద్యార్థిని, గింజలు ఒలిచిన మొక్కజొన్న బెండ్లతో మురికినీటిని వడకట్టు సాధనము చేసి, గూగుల్ సైన్సు ఫెయిరులో బహుమానము పొందెను. మనవారు బుట్టాలు కాల్చి అమ్మువారి వద్ద పాఱవేసిన బెండ్లను ఏరితెచ్చి, ఎండబెట్టి బొగ్గు చేసిరి.

ఫలితము ఉన్నదున్నట్లు చెప్పెదను. నీటిలో కరగక నలకలుగా తేలు రంగులను పటిక చక్కగా పట్టి అడుగున దింపినది. కరగియుండు రియాక్టివ్ ఎఱుపు మాత్రము దానికి లొంగలేదు. గులాబి ఛాయ మిగిలినది. దానిని బొగ్గు పట్టినది, కాని కొద్ది బిందెలకే అలసిపోయినది. తేటపడిన నీటిని చూచి కొందరు చప్పట్లు కొట్టుచుండగా, ఒక బాలిక, "రంగు బురదలోనికి పోయినది సరే, బురద ఎక్కడికి పోవును?" అని యడిగెను. మఱియొక బాలుడు ఆ తేటనీటిని గిన్నెలో పోసి ఇగురబెట్టెను. అడుగున తెల్లని పొర కట్టినది. ఉప్పు! పటికయు, ఇసుకయు, బొగ్గును దానిని ముట్టనైన లేదు. కావున వరండాలో నున్న నీరు అద్దమువలె మెఱయుచున్నను ఎవరును నోట పోసికొనకుడు, చంటిపిల్లలను చేరనీయకుడు.

పొట్టకూటి ప్రశ్నకు వత్తును. తమిళనాడులోని తిరుప్పూరు మనవలెనే వస్త్రముపై బ్రతుకు పట్టణము. అచ్చటి అద్దకపు నీరు నొయ్యల్ నదిలో కలిసి పొలములు ఉప్పుబాఱగా, రైతులు న్యాయస్థానమునకెక్కిరి. 2011 జనవరిలో మద్రాసు ఉన్నత న్యాయస్థానము అచ్చటి అద్దకపు కార్ఖానాలను మూసివేయుమని ఆజ్ఞాపించెను. మూతపడినవి 700కు పైబడినవి. కూలివారి పొట్ట కొట్టినది నీటిని పరీక్షించినవారా, శుద్ధిచేయక విడిచినవారా? ఆ పిమ్మట వారు నీటిని, ఉప్పును గూడ తిరిగి రాబట్టి వాడుకొను పెద్ద యంత్రములతో పని సాగింపవలసివచ్చెను. ఆ ఖర్చు చిన్న యజమానికి మోయరానిది. పలువురు కూడి ఉమ్మడిగా నెలకొల్పుకొనవలసినదే. ఆ లెక్కలు తెలిసిన మనుష్యులు మన యిండ్లలోనుండి రావలదా?

చీటీ వ్రాసిన తండ్రిగారు ఇరువది యేండ్లుగా రంగుల తొట్టివద్ద పనిచేయుచున్నవారు. ఒకసారి చూచి పొమ్మని నేను కోరగా వచ్చిరి. పీపాలోని నీటిని వ్రేళ్ల మధ్య రుద్ది చూచి, "ఇందులో రెండు జాతుల రంగులు కలిపిన్రు. వేరువేరుగా పట్టుండ్రి" అని చెప్పి పోయిరి. మా సైన్సు మాష్టరుగారికిని తోచని మాట అది! ఆనాటినుండి పిల్లలు రెండు పీపాలు వాడుచున్నారు. కుమారుని విషయము ఆయన ఎత్తలేదు, నేనును అడుగలేదు. చీటీ నా సొరుగులోనే యున్నది. బాలుడు బృందములోనే యున్నాడు.

బురద ప్రశ్నకు మా వద్ద ఇంకను సమాధానము లేదు. ప్రస్తుతము దానిని మూతగల డబ్బాలో భద్రపఱచి, ఏ రంగునకు ఎంత బురద వచ్చుచున్నదో తూచి వ్రాయుచున్నారు. రంగుల పనిలో నున్న తల్లిదండ్రులు వచ్చు ఆదివారము ఉదయము పది గంటలకు పాఠశాలకు దయచేసి, తాము వాడు రంగుల పేర్లను, ఉప్పు పాళ్లను పిల్లలకు తెలుపగోరెదను. యజమాని పేరు గాని, కార్ఖానా పేరు గాని ఎవరును అడుగరు.