ఇంటి కెమెరా: ఎవరికి కాపలా? ఎవరి మీద కాపలా?

(నాగర్‌కర్నూలులో మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



సీసీ కెమెరాల గురించి స్త్రీల హక్కుల సమావేశంలో మాట్లాడడమేమిటని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. అది మెకానిక్ చెప్పాల్సిన సంగతి కదా అనిపించవచ్చు. కానీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో కుటుంబ హింస గురించి చెప్పుకోవడానికి వచ్చే స్త్రీల మాటల్లో ఈ కెమెరా పదేపదే వినబడుతున్నది. ఒక ఉదంతంతో మొదలుపెడతాను.

వనపర్తి దగ్గర ఒక ఊరు. భర్త పుణెలో బిల్డింగు పనికి వలసపోయాడు. భార్య పిల్లలతో, అత్తతో ఊళ్ళోనే ఉంటుంది. దొంగల భయమని చెప్పి అతను వాకిలి మీద సిమ్ కార్డుతో నడిచే కెమెరా పెట్టించాడు. అందులో దృశ్యం కనబడేది అతని ఫోనులో మాత్రమే. "బోరింగు కాడికి పోయి పది నిమిషాలు ఆలస్యమైతే ఫోను వస్తది మేడం. యాడికి పోయినవ్, గా వచ్చినోడు ఎవడు అని అడుగుతడు" అన్నదామె. ఒకనాడు భూమి తగాదాలో మరిది ఆమెను ఆ కెమెరా కిందనే కొట్టాడు. వీడియో ఇమ్మని భర్తను అడిగితే, ఇంటి గుట్టు స్టేషనుకు ఎక్కించొద్దన్నాడు. మన కార్యకర్త వెళ్ళి మెమరీ కార్డు తీయించేసరికి రెండు వారాలు దాటింది. కార్డు నిండి, పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కాయి. ఉన్నవాటి మీద తేదీ కూడా తప్పే.

ఆమె గడప దాటిన ప్రతిసారీ లెక్కపెట్టిన కెమెరా, ఆమె దెబ్బలు తిన్న రోజున సాక్ష్యానికి రాలేదు. దీన్ని యంత్రం లోపమని సరిపెట్టుకోలేం. కెమెరాను ఎటు తిప్పాలి, పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉండాలి, ఏది దాచాలి అన్నవన్నీ ఆమెను అడగకుండానే నిర్ణయమైపోయాయి. ఇంట్లో భూమి కాగితాలు, బ్యాంకు పుస్తకం ఎవరి చేతిలో ఉంటాయో పాస్‌వర్డు కూడా వారి చేతిలోనే ఉంటున్నది. పితృస్వామ్యానికి ఇదివరకు అత్త కళ్ళు, ఇరుగుపొరుగు కళ్ళు ఉండేవి. ఇప్పుడు వాటికి నిద్రపోని కన్ను తోడైంది.

గద్వాలలో ఇంకో రూపం చూశాను. చీరలు నేసేచోట ఇల్లే కార్ఖానా. పట్టు, జరీ పోతున్నాయని మగ్గాల గదిలో యజమాని కెమెరా పెట్టాడు. అదే గదిలో స్త్రీలు కండెలు చుడతారు, చంటిబిడ్డకు పాలిస్తారు, మధ్యాహ్నం కాసేపు నడుం వాలుస్తారు. సరుకుకు కాపలా అన్నది పనిచేసే స్త్రీల శరీరాల మీద కాపలాగా మారింది.

అలాగని కెమెరాలు వద్దనడం నా ఉద్దేశం కాదు. నాగర్‌కర్నూలులో ఒంటరిగా ఉండే ఒక రిటైర్డు అంగన్‌వాడీ టీచరమ్మ తన డబ్బుతో గేటు దగ్గర కెమెరా పెట్టించుకున్నది. కొన్నాళ్ళకు రాత్రిళ్ళు తెల్లటి మసక తప్ప ఏమీ కనబడలేదు. కొత్తది కొనాలన్నాడు మెకానిక్. కట్టెకు గుడ్డ చుట్టి అద్దం మీది సాలెగూడు తుడిస్తే బొమ్మ వచ్చేసింది! చీకట్లో చూడడానికి కెమెరా వదిలే కాంతి ఆ గూడు మీద పడి వెనక్కి కొడుతుంది, అంతే. ఇంత చిన్న సంగతి తెలియకపోవడం వల్ల మనం డబ్బూ పోగొట్టుకుంటున్నాం, అధికారమూ పోగొట్టుకుంటున్నాం. అందుకే కొన్ని విషయాలు మనమే నేర్చుకోవాలి.

ఒకటి, దిశ. కెమెరా గేటును, వాకిలిని చూడాలి. పడకగది, స్నానాల గది, పక్కింటి వాకిలి అందులో పడకూడదు. బిగించేటప్పుడే ఫోనులో దృశ్యం చూసి సరిచేయించండి.

రెండు, పాస్‌వర్డు. కొన్నప్పుడు ఉన్నదాన్ని అలాగే వదలొద్దు. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల్లోంచి వైద్యపరీక్షల గదిలోని స్త్రీల దృశ్యాలు దొంగిలించి అమ్ముకున్న సంగతి 2025లో బయటపడింది. యాప్‌లో ఇంకెవరెవరి ఫోన్లు జతై ఉన్నాయో నెలకొకసారి చూడండి. చాలా కెమెరాలు మొదట ఎవరి ఖాతాతో జతచేశారో వారు వదిలేదాకా ఇంకొకరి అధీనంలోకి రావు. కనుక మొదటి ఖాతా స్త్రీ పేరుతో ఉండాలని అడగండి.

మూడు, తేదీ, నిల్వ. కరెంటు పోయివస్తే కొన్నింటిలో గడియారం తప్పుతుంది, సరిచూసుకోవాలి. నాలుగు కెమెరాలు ఆగకుండా రికార్డు చేస్తే 1 టీబీ హార్డ్‌డిస్కు సెట్టింగును బట్టి రెండు మూడు వారాల్లో నిండిపోతుంది. ఏదైనా జరిగితే ఆ రోజే కార్డు తీసి భద్రపరచాలి, లేదా రికార్డింగు ఆపించాలి. తెర మీది బొమ్మను ఫోనుతో తీసి ఊరుకుంటే చాలదు, అసలుది కావాలి. కోర్టులో ఇచ్చేటప్పుడు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధృవీకరణ పత్రం జతచేయాలి.

ఒక హెచ్చరిక. హింసించే భర్త పెట్టిన కెమెరాను తొందరపడి పీకేయమని ఎవరికీ సలహా ఇవ్వకండి. అది ఆగిన క్షణంలోనే అతనికి తెలిసిపోతుంది. ముందు ఆమె క్షేమంగా ఉండే చోటు చూడండి. 181కి గానీ సఖి కేంద్రానికి గానీ చెప్పి, తర్వాత కెమెరా సంగతి చూడండి.

ఇక చట్టం. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. అయితే 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఒక వ్యక్తి సొంత, గృహ అవసరాలకు వాడుకునే సమాచారాన్ని తన పరిధి నుంచి మినహాయించింది. అంటే మళ్ళీ ఇంటి గడప దగ్గరే చట్టం ఆగింది. అయినా దారులున్నాయి. స్త్రీ ఏకాంతంలో ఉన్నప్పుడు చాటుగా చూడడం, చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. 2005 నాటి గృహహింస చట్టంలో నిఘా అన్న మాట లేదు. కానీ అందులోని మానసిక హింస నిర్వచనం కింద దీన్ని వాదించవచ్చు, 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. అన్నదమ్ములు కలిసి ఉండే ఇంటి కేసులో, తోటి నివాసి ఒప్పుకోకుండా నివాస భాగంలో కెమెరాలు పెట్టకూడదని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పింది. సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. తోటి నివాసి అంటే అన్నదమ్ములేనా? భార్య కాదా, కోడలు కాదా? ఆ ప్రశ్నను కోర్టులదాకా తీసుకుపోవాల్సింది మనమే.

అదే ఏడాది జులై 14న, భార్యకు తెలియకుండా భర్త రికార్డు చేసిన సంభాషణలను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పిన సంగతి కూడా మరవకండి. ఇంట్లో రికార్డయ్యేది రేపు కోర్టులో మన మీదికే రావచ్చు.

వనపర్తి చెల్లెలు చివరికి నన్ను అడిగిన మాట ఇది: "మేడం, గా కెమెరా నాది ఎప్పుడైతది?" మనం కేసు కాగితం రాసుకునేటప్పుడు భూమి ఎవరి పేరున ఉంది, ఇల్లు ఎవరి పేరున ఉంది అని అడుగుతాం. ఇకనుంచి ఇంకో ప్రశ్న చేర్చుదాం: ఇంట్లో కెమెరా ఉందా, దాని పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది?