ఆస్తిలేని బ్యాట్‌మన్

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీదో, తార్నాక టీ బండి దగ్గరో కామిక్స్ పిచ్చోళ్లు నలుగురు చేరితే వాదన తెగదు. 2024 అక్టోబరులో మొదలైన ‘అబ్సల్యూట్ బ్యాట్‌మన్’ కామిక్‌నే తీసుకోండి. ఇందులో బ్యాట్‌మన్ అయిన బ్రూస్ వేన్‌కు కోట్ల ఆస్తి లేదు. చనిపోయిన తండ్రి బడిపంతులు, తల్లి బతికే ఉంది. “డబ్బు తీసేస్తే ఇక బ్యాట్‌మన్ ఏంట్రా?” అని ఒకడు, “ఇప్పుడే మనోడయ్యాడు” అని ఇంకొకడు. నా ఓటు రెండోవాడికే.

ఇలాగే తెలిసిన హీరోల కథల్ని మార్చి చెప్పి, అదే ఏడాది డిసెంబరులో ముగిసిన మార్వెల్ యానిమేషన్ సిరీస్ ‘వాట్ ఇఫ్’ నాకంతగా రుచించలేదు. ఊహ ఘనం, ఒక్కో భాగానికి అరగంటకే హడావుడి ముగింపు. దానికన్నా మన చందమామ బేతాళ కథలే నయం, కొద్ది పేజీల్లోనే కథ, చిక్కుప్రశ్న రెండూ ఇమిడేవి. 2024 సంక్రాంతికి ‘హనుమాన్’ సినిమా అంజనాద్రిని చూపించింది కదా, ఆ ఊరి కథలతో నెలనెలా తెలుగు కామిక్ వస్తే కొనడానికి నేను సిద్ధం.