గోడల్లేని చోట కూడా ఇల్లు



నేను మన కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని. మా లైనులో ఆడవాళ్లకు పేర్లుండేవి కావు. డ్రైవర్‌గారి భార్య, గార్డుగారి భార్య, ఫిట్టర్ సాబ్ భార్య, అంతే. మా అమ్మ పేరు అచ్చులో మొదటిసారి చూసింది నాన్న పోయాక, కారుణ్య నియామకం కాగితం మీద. అప్పుడు నాకు పదిహేడేళ్లు. చలం ‘మైదానం’ చదివిందీ ఆ ఏడాదే.

కథ మీకు తెలిసిందే. వకీలు భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్లిపోయి, ఊరికి దూరంగా మైదానంలో కాపురం పెడుతుంది. 1927 నాటి ఈ నవల మీద ఇప్పటికీ ఒకటే తగువు: ఆమె చేసింది తప్పా, ఒప్పా? ఆ వయసులో నన్ను పట్టుకున్నది అమీర్ కాదు, ‘నేను’ అన్న మాట. కథంతా రాజేశ్వరే చెబుతుంది. ఎవరి భార్యగానో కాదు, తన కోరికకు తానే సాక్షిగా. ఆ ‘నేను’ రాసింది ఒక మగవాడే కదా అంటారు కొందరు. నిజమే. కానీ పేరు లేని ఆడవాళ్ల మధ్య పెరిగిన పిల్లకు ఆ గొంతు ఎంత ధైర్యమిచ్చిందో నాకు తెలుసు.

రెండోసారి చదివేసరికి నేను కడుపుతో ఉన్నాను. ఈసారి ఒకచోట ఆగిపోయాను. రాజేశ్వరి గర్భవతి అవుతుంది. అమీర్ ఆ బిడ్డ వద్దంటాడు. అక్కడ కులపెద్దలు లేరు, అత్తగారు లేదు, అడిగేవాళ్లే లేరు. అయినా ఆమె కడుపు గురించిన నిర్ణయం తనదే అనుకున్నాడు, ఆమె ప్రాణంగా ప్రేమించినవాడు. ఆమె వదిలొచ్చిన ఇల్లు అమీర్ వెంటే వచ్చింది. కొంత రాజేశ్వరి కూడా మోసుకొచ్చింది, అతని ఇష్టమే తన ఇష్టమనుకున్న ప్రతిసారీ. నా మటుకు నవలకు గుండెకాయ ఆ పుటలే.

‘మైదానం’ వచ్చిన మరుసటి ఏడాది, 1928లో, ఇంగ్లండులో వర్జీనియా వుల్ఫ్ ‘ఓర్లాండో’ వచ్చింది. మగవాడిగా పుట్టిన ఓర్లాండో ముప్పై ఏళ్ల వయసులో నిద్రలేచేసరికి స్త్రీ. మనసు అదే, జ్ఞాపకాలు అవే. కానీ పుట్టి పెరిగిన ఇంటి మీద హక్కు మాత్రం కోర్టుకెక్కుతుంది. రాజేశ్వరి ఇల్లు వదిలినా ఆడదానికి లోకం పెట్టిన కట్టుబాట్లు వదల్లేదు. ఓర్లాండో ఆడది కాగానే ఇల్లే చేజారబోయింది. మన కాజీపేట జంక్షన్‌లో రైలు ఆగినప్పుడు హిజ్రాలను చూసి ముఖం తిప్పుకునేవాళ్లు, పి. సత్యవతిగారు తెలుగు చేసిన రేవతి పుస్తకం ‘ఒక హిజ్రా ఆత్మకథ’ తప్పక చదవాలి. ఓర్లాండోకు కల్పనలో నిద్రలో జరిగిపోయిన మార్పు కోసం మనుషులు ఎన్ని దెబ్బలు తింటారో అందులో ఉంది.

మా అమ్మ రిటైరయ్యాక ‘మైదానం’ ఆమె చేతికిచ్చాను. తిడుతుందేమో అనుకున్నాను. వారం రోజులు మెల్లగా చదివింది. అద్దాలు తీసి పక్కన పెట్టి, ఒకటే అడిగింది:

“అన్నీ మంచిగనే ఉన్నయి గని, ఆ మైదానంల వాళ్లకు బియ్యం ఎక్కడియి బిడ్డా?”

ఇరవై ఏళ్లు తన జీతంతో ఇల్లు నడిపిన మనిషి ప్రశ్న అది. తప్పొప్పుల చర్చలు ఎన్ని విన్నా, ఆ మాట నేనెక్కడా వినలేదు. ఇప్పుడు మూడోసారి చదువుతున్నాను, బియ్యం కోసం వెతుక్కుంటూ.